మూతకు టేపు వేసిన డబ్బా

సుగ్రా చేతిలో డబ్బా పడిందంటే దానికి పరీక్షే. ముందు అడుగు చూస్తుంది, ఉబ్బిందేమోనని. తర్వాత అంచు చుట్టూ వేలు తిప్పుతుంది, తుప్పు తగులుతుందేమోనని. ఆనక కళ్లజోడు ముక్కు కొసకు దించి తారీఖు చదువుతుంది. మార్కాపురంలో చిన్న కిరాణా దుకాణం నడుపుతూ ఏళ్ల తరబడి చేస్తున్న పనే అది. అందుకే బజారులోని వర్తకులంతా కలిసి బస్టాండు దగ్గర ఫుడ్ బ్యాంక్ అని ఒక గది తెరిచినప్పుడు, ఏ డబ్బా తీసుకోవాలి, ఏది వద్దనాలి అన్నది తేల్చే పని ఆవిడ నెత్తిన పెట్టారు. ఉన్నవాళ్లు తెచ్చిస్తారు, లేనివాళ్లు వచ్చి పట్టుకుపోతారు. అంతే సంగతి.

ఆవిడ పెట్టుకున్న కట్టుబాట్లు రెండే. సీలు లేని డబ్బా ముట్టదు. తీసుకుపోయేవాళ్ల పేరూ ఊరూ అడగదు. “ఆకలైనోళ్లను అడ్రసు అడుగుతామా ఏంది?” అంటుంది. మొన్నామధ్య ఒక షావుకారు సొట్టలు పడ్డ రసగుల్లా డబ్బాలు అట్టపెట్టె నిండా తెచ్చి, “దానమే కదమ్మా, తీసుకో” అన్నాడు. “దానమని చెప్తే కడుపునొప్పి రాకుండా పోతదా అన్నా?” అని పెట్టెతో సహా ఆయన్ను వెనక్కి సాగనంపింది.

అంత గట్టి మనిషీ మాలకొండమ్మ దగ్గర మెత్తబడింది.

మాలకొండమ్మది అర్ధవీడు దగ్గర పల్లె. నాలుగు మేకలు, కాస్త కంది చేను. మార్కాపురం వచ్చిందంటే సుగ్రా దుకాణంలో టీ తాగనిదే బస్సెక్కదు. నిన్న వస్తూ వస్తూ ఒక పాలపొడి డబ్బా తెచ్చింది. డబ్బా పాతదే. లోపల మాత్రం రాగులు మొలకెత్తించి, వేయించి, పుట్నాలూ బెల్లమూ కలిపి పట్టించిన పిండి అంది. మూత చుట్టూ టేపు.

“సీలు లేనిది తీసుకోను మాలకొండమ్మా. నీకు తెలిసిందే కదా.”

“కొన్నదైతే పనికొస్తది, నా చేత్తో చేసింది పనికిరాదా అక్కా? మీ మనవడు తిని పెరిగింది ఈ పిండే.”

సుగ్రా చెయ్యి చాపింది. టేపు ఊడదీసి చూస్తే నమ్మలేదనుకుంటుందేమోనని మూత కూడా తీయలేదు. తీసుకుని అరలో పెట్టేసింది.

ఈ పొద్దు గది తెరిచి కాసేపైందో లేదో ఫోన్ మోగింది. అవతల మాలకొండమ్మ.

“అక్కా, ఆ డబ్బా ఇంకా ఎవురికీ ఇయ్యలేదు కదా?”

“ఏంది, ఏమైంది?”

“కందుల గదిలో ఎలుకలకు పెడదామని మందు కలిపిన పిండి డబ్బా తీసినా. మూత తీస్తే బెల్లం వాసన కొట్టింది. మంచి పిండి ఈడనే ఉందక్కా. రెండూ ఒకే మాదిరి డబ్బాలు. రెండిటికీ టేపు నేనే వేసినా.”

సుగ్రా అర వైపు చూడలేదు. చూడక్కర్లేదు. ఇందాకే ఆ డబ్బా తన చేత్తో తీసి ఇచ్చింది. పచ్చచీర కట్టుకున్న చిన్న వయసు పిల్ల, చంకలో ఏడాది బిడ్డ. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. పైగా, “ఉడికించే పని కూడా లేదు తల్లీ, నీళ్లల్లో కలిపి పెట్టు” అని చెప్పి మరీ పంపింది. త్రిపురాంతకం బస్సు ఎక్కడాగుతుందని ఆ పిల్ల పోతూ పోతూ అడిగింది. దొరికిన ఆధారం అదొక్కటే.

సీలున్న పాలపొడి డబ్బా ఒకటి లాక్కుని బయటికి ఉరికింది. భర్త అబ్బాస్ అలీ ఆటో అద్దం తుడుచుకుంటున్నాడు. విషయం సగం చెప్పేలోగానే బండి తీశాడు. బస్టాండులో అడిగితే బస్సు ఇప్పుడే కదిలిందన్నారు.

“ఇంకా జోరుగా పోనీ.”

“పోతానే ఉండా. ఇది ఆటో, విమానం కాదు.”

“బిడ్డ ఏడ్చిందంటే ఈపాటికి కలిపే ఉంటది.”

అబ్బాస్ అలీ హ్యాండిల్ మీదికి వంగిపోయి నడిపాడు.

ఊరు దాటి కొంత దూరం పోయాక గొర్రెల మంద రోడ్డెక్కింది. దాని వెనక హారన్ మోగిస్తూ నిలబడిపోయింది బస్సు. సుగ్రా పరుగున పోయి తలుపు బాదింది.

ఆడవాళ్లకు టికెట్ లేని బస్సాయె, కాలు పెట్టే సందు లేదు. తిట్లు తింటూ, తోసుకుంటూ వెనక్కి పోయింది. కిటికీ పక్కన పచ్చచీర. ఒళ్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పక్కన నీళ్ల సీసా, మోకాళ్ల మధ్య డబ్బా. టేపు సగం ఊడి వేలాడుతోంది.

“అమ్మా, ఆ డబ్బా...”

ఆ పిల్ల తలెత్తి సుగ్రాను గుర్తుపట్టింది. గుర్తుపట్టి, డబ్బాను చటుక్కున సంచిలోకి తోసి పైన కొంగు కప్పింది. పక్క సీట్లో ఆమె ఊరి పెద్దమనిషి ఉన్నాడు.

“ఎవురమ్మే ఈమె? డబ్బా ఏంది?” అన్నాడాయన.

“నాకు తెలీదు మామా. నేనెవురి దగ్గరా ఏం తీసుకోలేదు.”

ఫుడ్ బ్యాంక్ అన్న మాట తన నోట్లోంచి వచ్చిందా, ఊరి మనిషి ముందు ఆ పిల్ల ప్రాణం పోయినా సంచి విప్పదు. సుగ్రాకు అది తెలిసిపోయింది. ముందు నుంచి కండక్టర్ దిగమని కేకలేస్తున్నాడు.

“నిన్నేమీ అనట్లేదు తల్లీ. పొద్దున నా దుకాణంలో పాలపొడి కొన్నావు కదా, తొందరలో నేనే వేరే డబ్బా ఇచ్చినా. దాంట్లో ఎలుకల మందు కలిపిన పిండి ఉంది. నువ్వు డబ్బులిచ్చిన సరుకు ఇదిగో.”

ఆ పిల్ల చెయ్యి సంచిలోకి పోయింది. డబ్బా బయటికొచ్చింది.

“బిడ్డకు పెట్టినావా?”

“లేదు. మూత రాలేదు. లాగతానే ఉండా.”

సుగ్రా డబ్బా అందుకుంది. అప్పుడు లేచింది బస్సంతా.

“పసిపిల్లలు తినేదాంట్లో ఎలుకల మందా?”

“నీ దుకాణం పేరేంది? చెప్పు, నలుగురికీ చెప్తాం.”

“కూరగాయల మార్కెట్ ఎదురుగా, ఖుష్బూ కిరాణా” అంది సుగ్రా. “తప్పు నాదే.”

పెద్దమనిషి ఇంకేదో అనబోయాడు. ఆ పిల్ల పాలపొడి డబ్బాను గుండెకు అదుముకుని అడ్డుపడింది.

“ఊరుకో మామా. నేనెప్పుడూ ఆమె దగ్గరనే కొనేది. మంచి సరుకే ఇస్తది.”

తల ఎత్తకుండా అంది గానీ, అందరికీ వినపడేటట్టే అంది.