మెహ్రాజ్ బొటనవేలు

ముప్పై ఏళ్లు ఒకే పని చేసిన చేతిని ఆ పని మాన్పించడం ఎట్లా? నాకిప్పటికీ తెలియదు. మెహ్రాజ్ బీడీలు చుట్టి బతికిన మనిషి. నానబెట్టిన తునికాకు మీద కొలతకు రేకుముక్క పెట్టి, దాని చుట్టూ కత్తెర తిప్పీ తిప్పీ ఆమె బొటనవేలి కీలు అరిగిపోయింది. ఇప్పుడు పెళ్లి మండపాలకు బట్టపూలు, కాగితం పూలు చేసిస్తుంది. ఇంకా కత్తెర పట్టుకుంటే ఆ వేలు ఇక వంగదని దవాఖానలో చెప్పారు. అందుకే ఆర్మూర్ బస్టాండు దగ్గర హరీశ్ దుకాణానికి కత్తిరించే మిషన్ కోసం ఇది మూడోసారి రావడం. చిన్న మిషన్ కాగితమే కోస్తుంది, పెద్దది బట్టను కూడా కోస్తుంది. రెండింటినీ తడిమి చూసి, ప్రతిసారీ ఊరికే పోతుంది.

"ఇయ్యాలన్న తేలుస్తవా చాచీ?" అన్నాడు హరీశ్.

"జర ఆగు బిడ్డా, నా చేతులతోని ఒకటి కోసి చూస్త."

అతను కాగితం ఇచ్చాడు. ఆమె తన సంచిలోని సీసా మూతలో కాసిని నీళ్లు పోసి, వేళ్లు ముంచి కాగితమంతా తడి అద్ది మిషన్‌లో పెట్టింది. ఎండుటాకు కోస్తే పగులుతుంది కదా, అదే అలవాటు. కాగితం ముద్దయి బ్లేడుకు చుట్టుకుంది.

"గిది తునికాకు కాదు చాచీ! మిషన్‌కు గిట్ల దప్పికైతదా?" అని హరీశ్ పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ.

ఇంకో కాగితం ఆమె ముందు పెట్టి, అతను వెనక్కి తిరిగి బ్లేడు శుభ్రం చేశాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి మెహ్రాజ్ లేదు. బల్ల మీద దుకాణం కత్తెర, దాని పక్కన ఐదు రెక్కలూ సమానంగా తెగిన కాగితం పువ్వు ఉన్నాయి.