పాలు పోసిన బిళ్ళ

చాచా పోయాడని శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. రియాద్ శివార్లలోని సులైలో మా కూలీల క్యాంపు బస్సు నడిపేవాడాయన, కడప మనిషి. నమాజుకు తయారై మంచం మీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడట. నేను పనిమీద దూరాన జిజాన్‌లో ఉన్నాను. ఇంటివాళ్ళు సరేనంటే రియాద్‌లోనే మట్టి చేశారు. ఆఖరి చూపు కూడా దక్కలేదు నాకు.

సౌదీ రాకముందు చాచా మన మిలట్రీలో చేశాడు. అప్పుడు పెట్టుకున్న ఉన్ని టోపీ, ఒక పక్కకు వాలేది, ఆయన మంచం పైన మేకుకు ఉండేది. "నా టీ తాగు, నా దుప్పటి కప్పుకో, దాని జోలికి మాత్రం రావద్దప్పా" అనేవాడు.

మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంది, మా తాతది. బాపుకు ఊహ తెలియకముందే తాత పోయాడు. మిలట్రీలో ఏం చేశాడో చెప్పేవాళ్ళు లేరు. "మీ అయ్య ఆడ గాడ్దులు కాసిండా?" అని ఎవరైనా ఎగతాళి చేస్తే బాపు తల దించుకునేవాడు. ఒకసారి సెలవు ముగించుకుని జగిత్యాల నుంచి బయల్దేరుతుంటే ఆ టోపీనీ, దానికి పెట్టే ఇత్తడి బిళ్ళనీ నా బ్యాగులో పెట్టాడు.

"మీ చాచాకు సూపియ్యి బిడ్డా. నేను పొయ్యేలోపన్న ఎరుకైతదేమో."

బిళ్ళ చూసి చాచా నోరు తెరిచాడు. "ఏందిరా ఇది, అక్షరాలన్నీ అరిగిపోయినాయే! యుద్ధంలో అరిగిందా, మీ ఇంట్లో అరిగిందా?"

ఇంట్లోనే అరిగింది. దాని మీద పాము బొమ్మ ఉంటే, నాగదేవత అనుకుని మా నాయనమ్మ ఏటా నాగుల పంచమికి చింతపండుతో తోమి, పసుపు పెట్టి, పాలు పోసేది. ఆ మాట చెబితే చాచా కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత బొటనవేలితో ఆ పామును తడిమి చూశాడు.

"దేవత కాదప్పా. కర్రకు చుట్టుకున్న పాము. మిలట్రీలో వైద్యం చేసేవాళ్ళ బిళ్ళ ఇది." అప్పటికప్పుడు బాపుకు ఫోన్ కలపమన్నాడు. "అన్నా, మీ నాయన ప్రాణాలు తీసే పనిలో లేడు, నిలబెట్టే పనిలో ఉన్నాడు. మీయమ్మ పాలు ఊరికే పోలేదులే."

బాపు "సల్లగుండు తమ్మీ" అని మాత్రం అన్నాడు.

మా తాత టోపీ లోపల చాచా చెయ్యి పెట్టి చూశాడు. "కొత్త టోపీని వేణ్ణీళ్ళలో ముంచి, తడిదే తలకు పెట్టుకుని ఆరేదాకా తిరుగుతాం. అది ఇంక ఆ తలదే. మళ్ళా తడిపితే ఆ తల అచ్చు పోతాది. నయం, మీ నాయనమ్మ దీన్ని ఉతకలేదు. మీ నాయనకిచ్చి, లోపల చేత్తో తడిమి చూసుకోమను." మళ్ళీ సెలవుకు పోయి ఇస్తే, బాపు తన తండ్రి తలను తాకింది అలాగే.

ఇక్కడి సమాధుల మీద పేర్లుండవు. రియాద్ తిరిగొచ్చాక చాచాది ఏదో నాకెవరూ చూపించలేకపోయారు. ఆయన సామాను కార్గోలో కడపకు పంపేశారు. మొన్న ఆయన కూతురు ఫోన్ చేసింది.

"అన్నా, అబ్బాజాన్ పెట్టె వచ్చినాది. బట్టలు నానేస్తాండా. టోపీ ఒకటే చెమట వాసన, దాన్ని గూడా..."

"వద్దమ్మా! తడపొద్దు. లోపల చెయ్యి పెట్టి చూడు."

బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కాసేపటికి ఆ అమ్మాయి కుళాయి కట్టేసింది.