లవంగం వేసిన బీరకాయ కూర

సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుంటేనే మా ఆయన లోపలి నుంచి "బిర్యానీ వచ్చింది" అంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కూడా ఆ ఒక్క హాస్యమే చేస్తున్నాడు. ఇంకోటి నేర్చుకోమంటే నేర్చుకోడు. అలా అనడంలో తప్పు కూడా లేదు, నా బట్టలకూ జుట్టుకూ లవంగం వాసన పట్టేసింది. ఎన్ని సబ్బులు మార్చినా పోలేదు.

టెక్కలిలో ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గర పని చేస్తాను. పుచ్చిన పంటి గుంటలో కొన్నాళ్ళ పాటు ఉండేలా పెట్టే మందు కలపడం నా పనుల్లో ఒకటి. గాజు పలక మీద తెల్లటి పొడి పోసి, పక్కన నూనె చుక్కలు వేసి, చిన్న గరిటెతో కొద్దికొద్దిగా కలుపుకుంటూ పోతే ముద్దవుతుంది. నోట్లో పెట్టాక కాసేపటికి గట్టిపడుతుంది. ఆ నూనె సీసా మీద యూజినాల్ అని ఉంటుంది. లవంగానికి ఘాటు ఇచ్చేది అదేనని, తులసిలోనూ బిర్యానీ ఆకులోనూ కూడా కాస్త ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది.

మంచి వస్తువే కానీ సాధువు కాదు. కొత్తలో చేతికి తొడుగు లేకుండా కలిపి కలిపి నా చూపుడు వేలు పొక్కిపోయింది, ఇప్పటికీ ఆ నూనె తగిలితే దురద పుడుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులో కొంచెం పోసి మరిచిపోతే గ్లాసు అడుగు మెత్తబడి బల్లకు అంటుకుపోయింది. పంటి మీద ఒక చుక్క పెడితే మొద్దుబారి హాయిగా ఉంటుంది. అదే పనిగా పెడుతూ పోతే చిగురు కాలి తెల్లబడుతుంది. ఎక్కువగా కడుపులోకి పోతే కాలేయానికి ముప్పు, పసిపిల్లలకైతే మరీను. అందుకే సీసాను పై అరలో పెట్టి తాళం వేస్తాం. ఇదంతా వచ్చిన వాళ్ళందరికీ చిలక్కి చెప్పినట్టు చెప్తాను. మా తమ్ముడికి మాత్రం చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

వాడు నా కంటే చిన్నవాడు, ముప్పై దాటాయి. కంచిలి దగ్గర మా ఊళ్ళో అమ్మతో ఉంటాడు. కొబ్బరి, జీడి తోట చూసుకుంటాడు. పెళ్ళి కాలేదు. మాది కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం, ఆ మాటంటే బయటి ఊళ్ళవాళ్ళు పిల్లనివ్వడానికి ఆలోచిస్తారు, వాడి విషయంలో కూడా అలాగే ఆలోచిస్తూ ఉండిపోయారు. ఒకరోజు పొద్దున్నే దవడ పట్టుకుని క్లినిక్‌కి వచ్చాడు.

"అప్పా, పన్ను సలుపుతంది. కునుకు నేదు. ఏటైనా సెయ్యి" అన్నాడు.

డాక్టరమ్మ పన్ను చూసి, తీసేయాలంది. తర్వాత అందరినీ అడిగినట్టే ఊరేదని అడిగింది. ఈ ప్రాంతంలో పళ్ళ డాక్టరు కూడా ముందు ఊరు అడుగుతుంది. వాడు చెప్పగానే కలం కింద పెట్టేసింది.

"ముందు రక్తపరీక్ష చేయించుకుని రండి. కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్ అంకె చూడకుండా మీకు నొప్పి మాత్రలు రాయలేను. పన్ను తీసినా అది చూసే తీస్తాను" అంది.

"అలాగేనండి. రేపే సేయించీసి వత్తాను" అన్నాడు మా వాడు, అంత వినయంగా. ఆ వినయం చూసే నాకు అనుమానం వచ్చింది. బయటికి వచ్చి నా చెవిలో, "ఆ లవంగాల నూనె ఇసుమంత ఇయ్యప్పా. రేపటి దాకా ఓర్సుకుంటాను" అన్నాడు.

డాక్టరమ్మను అడిగి చిన్న సీసాలో పోసి ఇచ్చాను. ఆ రేపు రాలేదు. సీసా ఖాళీ అయ్యాక మళ్ళీ వాడే వచ్చాడు.

మా నాన్న పోయింది కిడ్నీ జబ్బుతోనే. మా వైపు అది చెప్పుకోవలసిన విశేషమేమీ కాదు, ఏ వీధిలో చూసినా అలాంటి ఇల్లు ఉంటుంది. ఎందుకొస్తుందో ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. నీళ్ళన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పి మాత్రలన్నారు. పరీక్ష చేయించుకున్న రోజు పొద్దున నాన్న జీడితోటలో తుప్పలు కొట్టి వచ్చాడు. సాయంత్రానికి అంకె తెలిసింది. మర్నాటి నుంచి ఆయన తోట వైపు వెళ్ళలేదు. జబ్బింకా ముదరలేదు, మందులు వాడితే చాలాకాలం నెట్టుకు రావచ్చని డాక్టర్లు చెప్పారు. అయినా మనిషి ముందే కూలబడిపోయాడు. తమ్ముడు అప్పుడు ఇంట్లోనే ఉండి అదంతా చూశాడు.

ఉప్పు తగ్గించమన్నారు. చప్పిడి కూర పెడితే నాన్న కంచం తోసేసేవాడు. అమ్మ లవంగాలు, మిరియాలు నూరి కూరలో వేసి, ఉప్పు లేని సంగతి నాలుకకు తెలియకుండా చేయాలని నానా తంటాలు పడేది. "కూర తింటన్నానా, కషాయం తాగుతన్నానా" అని ఆయన కేకలేసేవాడు. తర్వాత్తర్వాత డయాలిసిస్‌కి పలాస తిరిగాడు. చివరి రోజుల్లో ఆయన నోటి నుంచి ఒక వాసన వచ్చేది. మూత్రంలో తడిసి ఆరిన గుడ్డ వాసన, దానిలో తుప్పు వాసన కలిసినట్టు ఉండేది. అది ఒకసారి తెలిశాక మరిచిపోవడం కుదరదు. అమ్మకైతే మరీ. పక్కింటాయన మా అరుగు మీద కూర్చుని మాట్లాడి వెళ్ళాక, "ఈయనకీ వచ్చీసినట్టున్నాదే" అంది నెమ్మదిగా. అదే నిజమైంది.

అందుకని తమ్ముడు పరీక్ష అంటే ఎందుకు ముఖం చాటేస్తాడో నాకు తెలుసు. ఊళ్ళో వైద్య శిబిరం పెట్టినప్పుడల్లా వాడికి తోటలో ఏదో పని పడేది. తెలిసి ఊరుకోవడం వేరు, చూస్తూ ఊరుకోవడం వేరు. వాడు సీసా కోసం వచ్చినప్పుడల్లా పోట్లాడేదాన్ని.

"ఒరే, రక్తమియ్యడానికి ఎంతసేపురా? సూది గుచ్చితే సచ్చిపోతావేటి?"

"సూదికి కాదప్పా."

"మరి దేనికి?"

"తెలిసినోల్లేటైనారు? నాన్నకి తెలిసింది కదా."

"నాన్న బెంగతో కూలబడిపోనాడు. ముందే తెలిస్తే మందుల్తో ఆపొచ్చంటన్నారు. ఇనవేటి?"

"ఒగ్గీ అప్పా. పన్ను నొప్పికొచ్చినోడికి కిడ్నీ కత సెప్తావేటి" అని నవ్వేసేవాడు. వాడి నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది, కాసేపటికి నేనూ నవ్వేదాన్ని. మనిషి అలాంటివాడు. ఒకసారి కంచిలి బజారులో కొన్న లవంగనూనె తెచ్చి గ్లాసు నీళ్ళలో వేసి చూపించాడు. అది పైన తేలింది. మా నూనె వేస్తే చుక్క తిన్నగా అడుగుకు పోయింది. అసలు లవంగనూనె నీళ్ళకంటే బరువని వాడికెప్పుడో నేనే చెప్పాను. "సూసావా, నీదే సరుకు. బజారోడిది మోసం" అని, మోసపోకుండా ఉండాలంటే నేనే ఇవ్వాలని తీర్పు చెప్పాడు. ఇవ్వనంటే ఆ కల్తీది కుమ్మరించుకుంటాడు. ఇస్తే చిగురు కాల్చుకుంటాడు. ఇస్తూనే ఉన్నాను.

మొన్న వానలకు ముందు డాక్టరమ్మ వాడిని గుమ్మంలోనే పట్టుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి ఆ పన్నును చిన్న పనిముట్టుతో తట్టింది. చల్లటి దూది పెట్టి చూసింది. వాడు ఉలకలేదు, పలకలేదు.

"ఈ పన్నులో నరం చచ్చిపోయి చాలా రోజులైంది. నొప్పి ఎప్పుడు పోయింది మీకు?" అని అడిగింది.

వాడు నా వైపు చూసి, పైకప్పు వైపు చూశాడు.

"నొప్పి లేకపోతే ఆ నూనె ఎందుకు వాడుతున్నారు? చిగురంతా కాలిపోయింది చూడండి. ఇక ఆపేయండి. నొప్పి లేదు కదా అని వదిలేయకండి, లోపల చీము పడుతుంది. ఆ రక్తపరీక్ష చేయించుకుని వస్తే తీసేద్దాం" అంది పాపం, ఎప్పటిలాగే.

నేను వాడిని వెనక వరండాలోకి లాక్కెళ్ళాను. మందుల డబ్బాలు పెట్టే చోటు, ఎవరూ రారు. "నొప్పి లేదంట. మరి నూనెందుకురా నీకు?" అని నిలదీశాను. కుర్చీలో నోరు కడిగించారు కనుక ఆ పూట వాడి నోట్లో లవంగం లేదు. దగ్గరికి వంగి, ఏదో చెప్పబోయి ఊపిరి వదిలాడు.

నాన్న మంచం పక్కన నిలబడినట్టయింది నాకు.

"వచ్చిందా?" అన్నాడు తమ్ముడు.

నా ముఖం చూసి తనే చెప్పుకొచ్చాడు.

"రెండు మూడు నెల్లయినాది. అన్నం సయించట్లేదు, కాళ్ళు బరువుగా ఉంటన్నాయి. అమ్మ ముక్కు సంగతి నీకు తెలుసు కదా. లవంగం లేకపోతే ఒక్క పూటలో కనిపెట్టీద్ది. ఇంకోసారి అమ్మని అలగ సూడ్లేనప్పా. అమ్మకి సెప్పకు."

"పద, ఇప్పుడే ఎల్దాం. ఈ ఈది సివర్నే రక్తం తీత్తారు" అని చెయ్యి పట్టుకున్నాను. వాడి చేతిలో ఇప్పటికీ నా కంటే బలం ఉంది. మెల్లగా విడిపించుకున్నాడు. కొబ్బరి దింపు అయ్యాక చూద్దామన్నాడు. తిట్టాను. బతిమాలాను. క్లినిక్ అని కూడా చూడకుండా ఏడ్చాను. వాడు నా వీపు తట్టి, ఖాళీ సీసా నా చేతిలో పెట్టి బస్సుకి వెళ్ళిపోయాడు.

ఇక నా వల్ల కాదని అర్థమైంది. వాడు ఎవరి మాటైనా వింటాడంటే అమ్మ మాటే వింటాడు. చెప్పకూడదన్నాడు, చెప్పేస్తాను, తర్వాత నాతో మాట్లాడకపోతే మానేస్తాడు అనుకుని, ఆదివారం బయల్దేరాను. సంచిలో వాడి సీసా ఉంది. నింపాను. పలాసలో బస్సు మారి కంచిలి చేరేదాకా ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఒక్కటే ఆలోచన. "అమ్మా, తమ్ముడికి బాగోలేదు" అంటే సగం ప్రాణం పోతుంది. "అమ్మా, కంగారు పడకు" అంటే మొత్తం పోతుంది.

అమ్మ పెరట్లో బీరకాయలు కోస్తోంది. ఎప్పుడు వెళ్ళినా నౌపడ రాళ్ళుప్పు ఒక మూట పట్టుకెళ్ళడం నాకు అలవాటు, అమ్మకు ప్యాకెట్టు ఉప్పు నచ్చదు. ఈసారీ తీసుకెళ్ళాను. అమ్మ దాన్ని అందుకుని గూట్లో పెట్టింది. పోయినసారి తెచ్చిన మూట విప్పకుండా అక్కడే ఉంది. నేను చెప్పాల్సిన మాట గొడవలో ఉండి దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాను.

"తమ్ముడు తోటలోంచి వచ్చీత్తాడు. తినీసి మాటాడుకుందాం" అంది అమ్మ. నా ముఖంలోకి ఒకసారి చూసి మళ్ళీ కత్తిపీట మీదకి వంగిపోయింది. తర్వాత వంటింట్లో రోటి చప్పుడు వినిపించింది.

వాడు వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, నన్ను చూసి కనుబొమలతోనే 'చెప్పావా' అని అడిగాడు. లేదన్నాను, అలాగే. ముగ్గురం కూర్చున్నాం. అమ్మ వడ్డించింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద ముందు తగిలింది లవంగం. నా చేతికీ బట్టకూ ఉండే వాసనే, అందుకని ఒక క్షణం నా చేతిదే అనుకున్నాను. కాదు, కూరలోదే. మిరియం కూడా ఉంది. బీరకాయ కూరలో లవంగం ఎవరు వేస్తారు? మా అమ్మ ఎన్నడూ వేయలేదు. రెండో ముద్దకి తెలిసింది, కూరలో ఉప్పు లేదు. చారులో లేదు. మజ్జిగలోనూ లేదు.

నాన్న కంచం నాకు గుర్తుంది. ఇది నాన్న కంచమే.

అమ్మకు తెలుసు. నేను బస్సులో కూడబలుక్కుంటూ వచ్చిన మాట ఆమెకు ఎప్పుడో తెలుసు. వాడు పంటికని రాసుకున్న లవంగం కింద నుంచే కనిపెట్టింది, కనిపెట్టి రోట్లో లవంగాలు వేసింది. మరి వాడు? చిన్నప్పుడు ఉప్పు ఒక్క పలుకు తగ్గితే వీధంతా వినబడేలా అరిచేవాడు. ఇప్పుడు తల వంచుకుని ముద్ద మీద ముద్ద, నమలకుండా మింగుతున్నాడు. ఆ కూర తిన్న మొదటి రోజే వాడికి అర్థమై ఉంటుంది అమ్మకు తెలిసిపోయిందని. అయినా నా దగ్గరికి వచ్చి సీసా నింపించుకుంటున్నాడు. ఈమె నూరుతోంది, వాడు పూసుకుంటున్నాడు. రక్తమిచ్చి రారా అని ఈ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అనలేకపోతున్నారు. నాకు కంచం విసిరికొట్టాలనిపించింది. నాకు అమ్మ కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది. మొదటిది చేయలేదు, రెండోదీ చేయలేదు.

అమ్మ గరిటె పట్టుకుని నిలబడింది.

"ఉప్పు సరిపోనాదా?" అంది.

"సరిపోనాదమ్మా" అన్నాడు తమ్ముడు తలెత్తకుండా.

అమ్మ నా వైపు తిరిగింది. చెప్పడానికే కదా అంత దూరం వచ్చాను. ముద్ద గొంతు దిగాక నోరు తెరిచాను.

"సరిపోనాదమ్మా" అన్నాను నేను కూడా.