మిషన్ సాయిబు చదివిన కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. శిరివెళ్లకు నడిచిపోయేంత దూరంలో మా ఊరు. నల్లరేగడి చేలు, నాలుగు పాడి ఎనుములు, ఇంటినిండా మనుషులు. కాగితం గడప దాటి వచ్చిందంటే శిస్తు కట్టమనో, సాక్ష్యానికి రమ్మనో అయ్యుండాలి. అందుకే కాగితమంటే మాకు భయం. ఆ భయం పోయి, చదువు మీద నాకు ఆశ పుట్టిన రోజు ఒకటుంది. దాదాపు డెబ్భై ఏండ్లు ఆ రోజును తలచుకుని మురిసిపోయాను. ఇప్పుడు దాని గురించి రాయడానికి చెయ్యి ఆడడం లేదు. అయినా రాస్తాను. ఎవరో ఒకరు రాయాలి గదా.

మా నాయనకు ఇద్దరు తమ్ముళ్లు. నేను పుట్టకముందే ఇద్దరూ పటాలంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధానికి బర్మా వైపు పోయారు. పెద్ద తమ్ముడికి అప్పటికి పెండ్లయి ఆరు నెలలు. చిన్నవాడికి మీసం కూడా సరిగా రాలేదంట. యుద్ధం ముగిసింది, వాళ్లు మాత్రం రాలేదు. వాళ్ల సంగతి చెప్తూ వచ్చిన ఇంగ్లీషు కాగితం ఒకటి మా ఇంట్లో పెట్టెలో ఉండేది. ఆ పెద్ద తమ్ముడి భార్యే మా చిన్నమ్మ. నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. చీకటితో లేచి పాలు పిండి, చేనికి పోయి, వచ్చి సంకటి కెలికి, అందరికీ పెట్టినాక తినేది. ఎంత పనిలో ఉన్నా నుదుట రూపాయంత బొట్టు తప్పేది కాదు. ఒక్క గాజు చిట్లినా తిరునాళ్లకు పోయేవాళ్లతో కొత్తవి తెప్పించుకునేది.

నాకు ఎనిమిదేండ్లప్పుడు, జొన్నకోతలు అయిపోయిన రోజుల్లో, చిన్నమ్మ వాళ్లన్న ఉయ్యాలవాడ నుంచి ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. మాలో మొగుడు పోయిన ఆడమనిషికి మారుమనువు చేసే ఆచారముంది. అందులో తప్పూ లేదు, దాపరికమూ లేదు. చీర పెట్టి, పదిమందిలో చెప్పి పిలుచుకుపోతారు. కాకపోతే ఒక కట్టుబాటు. మొగుడు చనిపోయాడన్న మాట అత్తింటి పెద్ద నోటి నుంచే రావాలి. ఆ మాట రానంతవరకు ఊరంతా ఒక్కటైనా ఆమెను గడప దాటించలేదు.

"మామా, పదేండ్లు సూసినాం. ఇంగ సాలు," అన్నాడు ఆ అన్న. "బండి ఆత్మకూర్లో మనిషి ఉండాడు, మంచోడు. నువ్వు ఒక్క మాట అను, మా చెల్లెల్ని పిల్సుకపోతాం."

మా జేజినాయన, అంటే మా నాయనను కన్నాయన, మంచం మీద నుంచి కదల్లేదు. "నా కొడుకు బతికుండంగ దానికి ఇంగో మనువా? ఏందీ మాట అబ్బీ?"

"బతికుండాడని ఎవురు జెప్పిరి?"

"కాగితం జెప్తాంది."

వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన పకపకా నవ్వాడు. "ఆ ఇంగిలీసు కాగితం ఎవురితో చదివించినావప్పా, మీ ఎనుముతోనా?"

జేజినాయన నన్ను పిలిచి, మిషన్ సాయిబును పిలుచుకు రమ్మన్నాడు. ఆ సాయిబు మా ఊరి దర్జీ. యుద్ధంలో పటాలం వెంట పోయి గుడ్డలు కుట్టినవాడు. మా ఊర్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదవగలిగింది ఆయనొక్కడే. నేను పరుగున పోయి పిలుచుకొచ్చాను. మెడలో టేపు తీయకుండానే వచ్చాడు.

జేజినాయన పెట్టె తెరిచి కాగితం తీసి ఆయన చేతికిచ్చాడు. ఇచ్చి, వచ్చినవాళ్ల వీపు వెనక్కు పోయి నిలబడ్డాడు. సాయిబు కాగితం చూసి తలెత్తి జేజినాయనను చూశాడు. అప్పుడు జేజినాయన భుజం మీది కండువా తీసి చేత్తో పట్టుకున్నాడు. గ్రామాధికారి ఎదుట కూడా ఆయన కండువా దించినవాడు కాదు. ఉక్కకు తీశాడేమో అనుకున్నాను.

సాయిబు గొంతు సవరించుకున్నాడు. "ఇద్దరూ జపానోళ్లకు చిక్కినారంట. పానంతో ఉండారు. ఎతుకుతాండారు. దొరికితే ఇంటికి తోలిస్తారంట."

"యుద్ధమై పదేండ్లాయ గదప్పా?" అన్నాడు ఇందాక నవ్వినాయన.

"అడవులు అన్నా అవి. యాడెవురుండారో ఎట్ల తెలుస్తాది? ఇంగా వస్తానే ఉండారు మనుషులు."

తలుపు చాటు నుంచి చిన్నమ్మ అడిగింది. "సాయిబన్నా, దాంట్లో నా పేరుందా?"

"లేదు తల్లీ. మీ మామ పేరే ఉండాది."

ఆ అన్న మంచినీళ్లు తాగి లేచాడు. చిన్నమ్మ గడపలో కూలబడి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. సాయిబుకు చెంబునిండా మజ్జిగ తెచ్చి ఇస్తే, ఆయన తాగకుండా అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను మాత్రం నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. చదువొచ్చిన మనిషి ఒకడు నిలబడి నాలుగు మాటలు చదివితే ఇద్దరు మనుషులు బతికొచ్చారు! నేనూ అంతటివాణ్ని కావాలనుకున్నాను.

బడికి పంపే స్తోమత ఇంట్లో లేదు. బస్సుల మీది ఊరి పేర్లు, గోడల మీది రాతలు, అంగట్లో బెల్లం చుట్టిచ్చిన పేపరు ముక్కలు, ఇవే నా పుస్తకాలు. పన్నెండేండ్లకు తెలుగు రాయడం వచ్చింది. నేను రాసిన మొదటి ఉత్తరం చిన్నమ్మ చెప్పిందే. "ఎర్రెనుము ఈనింది, పెయ్య. మీ నాయనకు దగ్గు తగ్గింది. నేను బాగుండా. తమ్మున్ని ఇడిసిపెట్టి ఒక్కనివే రావద్దు." ఆళ్లగడ్డలో వేయిస్తానని జేజినాయన దాన్ని తీసుకున్నాడు. ఆ తర్వాత నాకు ఇంగ్లీషు కొంచెం పట్టుబడి ఆ కాగితం అడిగితే, చెదలు తిన్నాయన్నాడు. కాబోలు అనుకున్నాను. చిన్నమ్మ ముసలిదై నన్ను అడిగినప్పుడల్లా, నేను చూడని కాగితాన్ని చూసినట్టే చెప్పాను. "సాయిబు చదివిందే నిజం చిన్నమ్మా."

ఆమె బొట్టుతోనే పోయింది. ఊరి ముత్తైదువలంతా వచ్చి ఆమె పాదాలకు పసుపు రాసి, పుణ్యాత్మురాలు అని కుంకుమ తీసుకుపోయారు.

రెండేండ్ల కిందట, మా వంశం పేర్లన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెడదామని మొదలుపెట్టాను. పాత రికార్డుల కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరిగితే, "ఎందుకు పెద్దాయనా ఈ వయసులో?" అని నవ్వారు. నంద్యాలలో డిగ్రీ చదివే మా మనవరాలు నవ్వలేదు. సెల్‌ఫోన్‌లో యుద్ధంలో చనిపోయినవాళ్ల పట్టీ ఒకటి తీసింది. మా ఊరి పేరు కొట్టి చూసింది. ఇద్దరూ ఉన్నారు. బర్మాలో, ఒకే వారంలో, నేను పుట్టడానికి ముందే. ఎక్కడో రాతి స్తంభాల మీద పేర్లు కూడా చెక్కారంట. చిన్నవాడి పేరు పక్కన ఫలానావారి కొడుకు అని ఉంది. పెద్దాయన పేరు పక్కన ఫలానా ఆమె భర్త అని చిన్నమ్మ పేరు ఉంది.

అంటే చావు కబురు ఆమె పేరనే వచ్చింది. సాయిబుకు ఇంగ్లీషు సరిగా రాలేదేమోనని రెండు రోజులు నన్ను నేను మోసం చేసుకున్నాను. పటాలంలో తిరిగినవాడికి చావు కాగితం ఎట్లుంటుందో తెలియదా? జేజినాయన ఆ పొద్దు కండువా ఎందుకు దించాడో అప్పుడు అర్థమైంది. కాగితంలో ఏముందో ఆయనకు ముందే తెలుసు, ఉన్నది చదవొద్దని సాయిబును వేడుకున్నాడు.

ఎవరిని తిట్టాలి? మనుషులను ఊర్ల నుంచి లెక్కపెట్టి తీసుకుపోయిన దొరతనం, అక్షరం రాని ఇంటికి తన భాషలో చావు కబురు పంపి చేతులు దులుపుకుంది. ఒక మనిషిని పంపి, మా మాటలో ఆ ముక్క చెప్పించలేకపోయిందా? ఆమెకు రావలసిన పింఛను సంగతి ఎత్తను. అంతకంటే పెద్దదే పోయింది. ఇక మా జేజినాయన. ఆమె చేతులకు గాజులున్నన్నాళ్లూ తన కొడుకు బతికున్నట్టే ఆయనకు. అంత దుఃఖం ఉండొచ్చు, కాదనను. కానీ తన దుఃఖాన్ని కోడలితో మోయించాడు. ఇరవై ఎనిమిదేండ్ల పిల్ల అప్పుడు.

నిరుడు ఉయ్యాలవాడకు పోయాను. ఆ అన్న ఎప్పుడో పోయాడు. ఆయన కొడుకు ఉన్నాడు, వాడికీ అరవై దాటాయి. అంతా చెప్పాను. 

"మా నాయన సచ్చేదాంక ఒకటే మాట బావా. మా చెల్లెలు గట్టిది, మొగుడొస్తాడని కూసున్యాది అని గొప్పగా చెప్పుకుంటాండె. ఆయన పాయ, ఆయమ్మ పాయ. ఇప్పుడొచ్చి ఎవురి కోసరం చెప్తాండావ్?"

వాడు కాఫీ తాగిపొమ్మన్నాడు గానీ కూర్చోబుద్ధి కాలేదు. బస్సు కోసం ఎండలో నిలబడ్డాను.

నిజం తెలిస్తే మేలు జరుగుతుందని పుస్తకాల్లో రాస్తారు. నాకు తెలిసినందువల్ల ఎవరికీ మేలు జరగలేదు. నాకు చదువు పెట్టింది ఆ పొద్దు చెప్పిన అబద్ధమే. అది లేకుంటే నేను గొడ్లు కాసుకుని, ఏమీ తెలియకుండా పోయేవాణ్ని. దాన్ని కడుపారా తిడదామని ఇప్పుడు కలం పట్టుకున్నాను. తిట్టే ఈ అక్షరాలు కూడా అది పెట్టినవే.