రాజుబాయి పేరు గట్టు దాటిన రోజు

కంప్యూటర్ అంటే చెప్పులు విప్పి లోపలికి వెళ్లాల్సిన వస్తువని సిరొంచలో అందరూ నమ్మే కాలం అది. చంద్రపూర్‌లో కోర్సు చేసి వచ్చిన నేను ఆ గదికి పూజారినన్నమాట. పుస్తకం ముందు పెట్టుకుని సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి, దానికి డేటాబేస్ అని ఘనంగా పేరు పెట్టుకుని, ఎవరైనా అడుగుతారేమోనని ఊరంతా తిరిగేవాణ్ని (ఎవరూ అడగలేదు). గోదావరి పుష్కరాలప్పుడు మాత్రం మా మైకు మామ అడిగాడు. పెళ్లయినా ఎన్నికలైనా ఊళ్లో మైకు ఆయనదే. "అల్లుడా, ఘాటు కాడ తప్పిపోయినోళ్ల పేర్లు నీ డబ్బాల ఎక్కియ్యి. చిట్టీ తీసియ్యి, నేను మైకుల చదువుత. జర షాన్‌గ ఉంటది" అన్నాడు. నేను ఆ రాత్రి సంతోషంతో అన్నం తినలేదు.

ఏరు నిండుగా ఉంది. వానకు టెంటు కారుతోంది, నేను కంప్యూటర్ మీద గొడుగు పట్టి టైపు కొడుతున్నాను (నా మీద కాదు). మామ దూరంగా మంచె మీద కూర్చుని నేను పంపిన చిట్టీలు చదువుతున్నాడు. అప్పుడొచ్చింది నాగేపల్లి అనే ఊరి నుంచి ఒక అవ్వ, తడిసిన చీరతో వణుకుతూ. ముసలాయన కనబడడం లేదట. పేరు చెప్పమంటే తనది రాజుబాయి అని చెప్పింది గాని, మొగుడి పేరు నోటితో అనదు. "మా ఇంటాయనది మల్లన్న దేవుని పేరు బిడ్డా" అంది. ఇంటిపేరు కోటగిరి. మేం తెలుగువాళ్లమైనా సిరొంచ ఉన్నది మహారాష్ట్రలో కాబట్టి అక్కడి పద్ధతిలో ముందు ఆమె పేరు, తర్వాత మొగుడి పేరు, చివర ఇంటిపేరు పెట్టి, రాజుబాయి మల్లయ్య కోటగిరి అని ఎక్కించాను. ఆమె వెనకే, కొడుకు చెయ్యి వదిలేసి తప్పిపోయిన చామోర్షి పెద్దాయన్ని ఎవరో తీసుకొచ్చారు. పోశం సమ్మయ్య అని ఆయన పేరూ ఎక్కించి, ఇద్దరి చిట్టీలూ ఒకేసారి మంచెకు పంపాను.

కాసేపటికి ఒకాయన చెమటలు కక్కుకుంటూ టెంట్లోకి దూసుకొచ్చాడు. చామోర్షి పెద్దాయన కొడుకే. తండ్రిని చూసి సంతోషించాల్సింది పోయి, "ఏంది నాయినా గిది? ఎవరీ రాజుబాయి? మైకుల నీ పేరు ఆమె పేరుతోటి కలిపి చదువుతుండ్రు, ఊరోళ్లందరు ఇన్నరు!" అని నిలదీశాడు. పెద్దాయన బిక్కమొహం వేసి, "నాకేం తెల్వదురా" అన్నాడు. ఒక వైపు తండ్రీకొడుకుల పంచాయితీ, ఇంకో వైపు మైకులో మామ గొంతు: "రాజుబాయి, మల్లయ్య కోటగిరిపోశం సమ్మయ్య గారి ఇంటావిడ, టెంటు కాడ ఉన్నది!"

అంటుకుపోయిన ఆ పేరు వినగానే తప్పెక్కడుందో నాకు తెలిసిపోయింది. నేను రాసిన ప్రోగ్రాంలో పేర్లు వరి మడుల్లా పక్కపక్కనే ఉంటాయి. ఒక్కో పేరుకు ఇరవై అయిదు గళ్లు, గడికో అక్షరం. పేరు అయిపోయిన చోట ఒక గుర్తు పడుతుంది, పేరు చదివే ఫంక్షన్ (ప్రోగ్రాంలో ఆ పని చేసే ముక్క) ఆ గుర్తు కనబడేదాకా చదువుకుంటూ పోతుంది. పుస్తకంలో పేర్లు రవి, మధు లాంటివి కాబట్టి అక్కడ ఏ గొడవా లేదు. అవ్వ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో గళ్లన్నిటినీ నింపేసింది, గుర్తుకు చోటే మిగల్లేదు. దాంతో నా ఫంక్షన్ గట్టు తెలియని దున్నపోతులా పక్క మడిలో పడి పోశం సమ్మయ్యను కూడా మేసింది. పేరు పొడుగైపోయి, దాని పక్కన రావాల్సిన ఊరి పేరు నాగేపల్లి చిట్టీ అంచు దాటిపోయింది.

అవ్వకు ఇవేవీ పట్టడం లేదు. ఆమె చూపు ఏటి మీదే ఉంది. "ఆయనకు ఈత రాదు బిడ్డా. గిన్నిసార్లు పిలిస్తే ఇనపడదా? నీళ్లల్ల పోయిండేమో" అంది. ఆయన రాకపోవడానికి కారణం నా ప్రోగ్రాం తప్పే అయితే ముసలాయన ఎక్కడో క్షేమంగా ఉన్నాడు, తన భార్యను పిలుస్తున్నారని తెలియక. కారణం అది కాకపోతే... ఆ పై మాట అనుకోలేకపోయాను. అంతవరకు నా ప్రోగ్రాంలో తప్పు పట్టినవాళ్లతో కొట్లాడేవాణ్ని. ఆ పూట మాత్రం, దేవుడా, తప్పు నాదే కావాలి అని గోదావరికి తిరిగి దండం పెట్టాను.

(అవ్వ పేరు కాగితం మీద రాసి పంపితే సరిపోయేది. ఆ ఆలోచన నాకు మర్నాడు వచ్చింది.) ఫంక్షన్ తెరిచాను. గుర్తు కనబడినా కనబడకపోయినా ఇరవై అయిదో గడి దగ్గర ఆగిపొమ్మని ఒక్క షరతు రాయాలి, అంతే. ఆ ఒక్క లైనూ మూడుసార్లు తప్పు కొట్టాను. మధ్యలో జనరేటర్ దగ్గింది, నా ప్రాణం కూడా దగ్గింది. మంచె మీద నుంచి మామ, "ఏంది అల్లుడా, చిట్టీలు ఆగినయ్? కంప్యూటర్‌కు జరం వచ్చిందా?" అని మైకులోనే అడిగాడు. ఘాటంతా నవ్వింది, అవ్వ తప్ప. చివరికి చిట్టీ వచ్చింది. ఈసారి నేనే పరుగెత్తి ఇచ్చాను.

"నాగేపల్లి రాజుబాయి, మల్లయ్య కోటగిరి గారి ఇంటావిడ..."

మామ మాట పూర్తి కాకముందే, మా టెంటు వెనక గుడ్డ పక్కకు తప్పుకుంది. చేతిలో సగం కొరికిన మక్క కంకితో ఒక ముసలాయన తల లోపలికి పెట్టి, "గిప్పుడు నన్నేనా పిలిచింది?" అన్నాడు. అవ్వ లేచిన వేగానికి బల్ల పడిపోయింది. "ఇక్కడ్నే ఉండి ఇనపడలేదా నీకు!" అని ఆయన భుజం మీద నాలుగు దెబ్బలు వేసి, అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"ఇనపడ్డదే. గంత పొడుగు పేరు ఎవలో పట్వారీది అనుకున్న. పాపం, పట్వారీ పెండ్లాం తప్పిపోయిందని పరేషాన్ అయిన" అన్నాడాయన, కంకి దాచుకుంటూ.

ఇద్దరూ పోట్లాడుకుంటూనే అల్లపల్లి బస్సు వైపు నడిచిపోయారు. నేను పడిపోయిన బల్ల పక్కన కూర్చుండిపోయాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

ఇప్పుడు నాగపూర్‌లో చాలా పెద్ద డేటాబేసులు చూస్తున్నాను. ఏదైనా ఆగిపోతే మా ఆఫీసు కుర్రాళ్లు తప్పు మనది కాదని నిరూపించడానికి పోటీ పడతారు. ఈ మధ్య నేను కూడా వాళ్లతో కలిసి వాదిస్తున్నాను, బాగానే గెలుస్తున్నాను కూడా. గెలిచిన రోజు ఇంటికి వస్తుంటే, తడిసిన చొక్కాతో ఏటికి దండం పెడుతూ నిలబడ్డ ఆ బక్క కుర్రాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. తప్పు నాదే కావాలని అంత గట్టిగా నేను మళ్లీ ఎప్పుడూ కోరుకోలేదు.