ఒకటో తారీఖు గుండెదడ

నా జబ్బు బయటపడింది జీతాల క్యూలో. ఒకటో తారీఖు, పదకొండు గంటల వేళ. నా ముందు నలుగురు, వెనక నలభై మంది. అందరి ముఖాలూ పెళ్లి పందిట్లో విస్తరి ముందు కూర్చున్నవాళ్ల ముఖాల్లా వెలిగిపోతున్నాయి. కేషియరు నా పేరు పిలిచాడు. సంతకం పెట్టాను, నోట్లు అందుకున్నాను, అంతే, గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. మామూలుగా కాదు. రేవులో ఉన్న ఓడల ఇంజన్లన్నీ ఒకేసారి స్టార్టు చేసినా అంత చప్పుడు రాదు. నా వెనకాయన రెండడుగులు వెనక్కి జరిగాడంటే మీరు నమ్మాలి.

ఎడమ అరచెయ్యి చెమట పట్టింది. కుడిది కూడా పట్టేదే కానీ అందులో జీతం ఉంది.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కట్టుబడిలో ఉన్న రోజులవి. నేను పోర్టులో టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగే బస్తాలూ, ఓడలోకి ఎక్కే బస్తాలూ లెక్కపెట్టడం నా ఉద్యోగం. పదిహేనేళ్లలో నేను లెక్కపెట్టిన బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే సింహాచలం కొండ తలెత్తి చూడాల్సి వస్తుంది. ఏనాడూ ఒక్క బస్తా తేడా రాలేదు. అలాంటివాడికి తన అప్పు మొత్తం ఎంతో తెలియకపోవడమే ఈ జబ్బు మొదటి లక్షణమని నాకు తర్వాత తెలిసింది.

క్యూలోంచి బయటపడి మెయిన్ గేటు వైపు చూశాను. గేటు పక్కన నల్ల గొడుగు. గొడుగు కింద సన్యాసిరావు. మా ఆఫీసులోనే ప్యూను. నెలంతా నాకు మంచినీళ్లు అందించి నమస్కారం పెడతాడు. ఒకటో తారీఖున మాత్రం సెలవు పెట్టి, గేటు దగ్గర గొడుగు వేసుకుని నిలబడతాడు. ఆ రోజు నమస్కారం నేను పెట్టాలి. నెలకు నూటికి పది రూపాయల వడ్డీ.

గొడుగు చూడగానే కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి. ఇనుప ఖనిజం గుట్టల మీదుగా పాక్కుంటూ వెళ్లి, వెనక గేటులోంచి బయటపడి ఇల్లు చేరాను. జుట్టు నుంచి చెప్పుల దాకా ఎర్ర దుమ్ము.

"ఓలమ్మో! ఏటండీ ఈ అవతారం? హనుమంతుడి ఏసం కట్టినారేటి?" అంది మా ఆవిడ నూకరత్నం.

"గుండెదడ," అన్నాను.

"దడైతే సెమట పడతాది గానీ సింధూరం పడతాదేటి?"

తర్వాత రోజూ అడిగే ప్రశ్న అడిగింది. "నా మిషను రిపేరు ఇంకా అవ్వలేదేటి?"

గుండె మళ్లీ ఎగిరింది. నూకరత్నం కుట్టుమిషను మీద మా వీధి ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. ఆ డబ్బుతోనే పెందుర్తిలో రెండొందల గజాల స్థలం వాయిదాల మీద కొంది. "సూది పట్టు జారిపోతోంది, రిపేరుకి ఇస్తాను" అని ఆ మిషనుని నేనే రిక్షా ఎక్కించాను. దించింది మాత్రం తాకట్టు కొట్లో. మూడొందల యాభై రూపాయలకి. మూడు నెలల్లో విడిపించకపోతే అమ్మేస్తామని రసీదు మీద రాసి ఉంది. గడువు ఆ నెల ఇరవయ్యో తారీఖు. మిషను లేక ఒక్కొక్కరే జాకెట్టు గుడ్డలు వెనక్కి పట్టుకుపోతున్నారు.

ఈ జబ్బు నాకెలా అంటుకుందో చెప్పాలి. మా దగ్గర ప్రమోషన్ వస్తే సెక్షనంతటికీ పార్టీ ఇవ్వాలి. నాకు సీనియర్ క్లర్కు ఖాయమని పెద్ద గుమస్తా చెవిలో చెప్పాడు. ఆర్డరు వచ్చేదాకా ఆగడం పిరికితనం అనిపించి, సన్యాసిరావు దగ్గర ఆరొందలు తీసుకుని బిర్యానీ పెట్టించాను. డెబ్బై మంది తిన్నారు. నా లెక్కలో ఏడొందల మంది. వారం తర్వాత ఆర్డరు వచ్చింది, పక్క సెక్షన్ ఆయనకి. ఆయన కూడా నా బిర్యానీ రెండుసార్లు వడ్డించుకున్నవాడే.

సరే, తిన్నవాళ్లంతా నన్ను సీనియర్ అనే పిలుస్తున్నారు. పిలుపుకి తగ్గట్టు టెర్లిన్ ప్యాంట్లు, చేతి గడియారం, ఇంట్లో సీలింగ్ ఫ్యాను. అన్నీ వాయిదాలే. ఒకరి వడ్డీ కట్టడానికి ఇంకొకరి దగ్గర అసలు. ఏడాది తిరిగేసరికి కిరాణా కొట్టు ఉన్న వీధి, బట్టల కొట్టు ఉన్న వీధి, గడియారాల కొట్టు ఉన్న వీధి నాకు మూసుకుపోయాయి. ఇంటి నుంచి ఆఫీసుకి పావుగంట నడక. నేను గంటన్నర ముందు బయల్దేరేవాణ్ణి.

క్యూలో దడ వచ్చిన మర్నాడు మా బావమరిది అప్పలనాయుడు, పోర్టులో క్రేను ఆపరేటరు, నన్ను స్కూటరెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వెనక రిక్షాలో నూకరత్నం.

డాక్టరమ్మ చిన్నావిడ, చూపు మాత్రం కస్టమ్స్ ఆఫీసరుది. "పాల్పిటేషన్, స్వెటింగ్. చెస్ట్ పెయిన్ లేదు. ఈసీజీ తీద్దాం," అంది.

తీశారు. ఆ కాగితం పరిస్తే బీచి రోడ్డు పొడవునా వచ్చేది. డాక్టరమ్మ ఇటు తిప్పి, అటు తిప్పి, "నార్మల్," అంది. నాకు చిన్నతనంగా అనిపించింది.

"బీపీ వన్ ఫిఫ్టీ బై నైంటీ. కొంచెం ఎక్కువ. ఈ దడ ఎప్పుడెప్పుడు వస్తుంది?"

"ఒకటో తారీఖున, డాక్టరు గారూ."

"ప్రతి నెలా?"

"ఫిబ్రవరిలో రెండ్రోజులు ముందుగా అనిపిస్తుంది."

ఆవిడ కలం కింద పెట్టింది. "మీకు అప్పులున్నాయా?"

పక్కనే నూకరత్నం. "అబ్బే, పైసా లేదు," అన్నాను.

డాక్టరమ్మ నా చేతికి పట్టీ మళ్లీ బిగించి, గాలి కొట్టి, పాదరసం చూసింది. "వన్ నైంటీ బై వన్ టెన్," అంది.

"బావా, నువ్ కాదన్నా పాదరసం ఒప్పేసుకుందిరా!" అన్నాడు అప్పలనాయుడు.

నూకరత్నం నవ్వలేదు. గోడ మీద గుండె బొమ్మ వైపు చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ రాత్రి పూట వేసుకోమని ఒక టాబ్లెట్ రాసింది. దాని కింద ఇంకో వరుస రాసి చేతికిచ్చింది. "ఇది బీపీకి. అసలు జబ్బుకి నా దగ్గర ట్రీట్‌మెంట్ లేదు, రిఫర్ చేస్తున్నాను. వన్ టౌన్‌లో కాసిం సాహెబు గారని బైండింగ్ చేస్తారు. మా నాన్నగారిని గట్టెక్కించింది ఆయనే. ఆదివారం వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి."

కాసిం సాహెబు అరవై దాటిన మనిషి. పాత ఊళ్లో కొట్లన్నిటికీ ఖాతా పుస్తకాలు కుట్టేది ఆయనే. గదంతా మైదా జిగురు వాసన, అట్టలకి అంటించే కాలికో గుడ్డ ముక్కలు. నా ఓపీ చీటీ చదివి, కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"కూర్చోండి సాబ్. అమ్మా, నువ్వూ కూర్చో. కాగితాలన్నీ ఈ బల్ల మీద పెట్టండి. ఒక్కటి జేబులో ఉండిపోయినా నా కుట్టు పనికిరాదు."

నేను జేబులు ఖాళీ చేశాను. చొక్కా జేబు, ప్యాంటు జేబులు, టిఫిను డబ్బా అడుగు, గొడుగు మడత. బల్ల నిండిపోయింది. ఆయన ఒక్కొక్కటీ చదివి పేరుస్తున్నాడు. ఒక పచ్చ రసీదు దగ్గర ఆగాడు.

"ఈ కుట్టుమిషను ఎవరిది?"

నూకరత్నం రసీదు తీసుకుని, తేదీ చూసి, మడతపెట్టి, మళ్లీ బల్ల మీద పెట్టింది.

"నాదేనండి. రిపేర్లో ఉంది," అంది.

ఇంత పెద్ద రేవులో నాకు దూకడానికి చోటు కనబడలేదు.

అప్పుడు ఆవిడ తన చేతిసంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసి నా కాగితాల పక్కన పెట్టింది. చీటీ పాస్ పుస్తకం. నా గుట్టలోనూ అలాంటిదే ఒకటుంది. కాసిం సాహెబు రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకే చీటీ. ఇరవై మంది, నెలకి వంద, మొత్తం రెండువేలు. ఎవరు ఎక్కువ వదులుకుంటామని పాడితే ఆ నెల డబ్బు వాళ్లది. నాది నాలుగో నంబరు. ఆవిడది పదకొండో నంబరు.

పదకొండో నంబరు! రెండు నెలల కిందట జరిగిన పాట నాకు కళ్ల ముందు తిరిగింది. మిగతావాళ్లంతా మూడొందల దగ్గర ఆగిపోయారు. నేను సన్యాసిరావు వడ్డీ కోసం పాడుతున్నాను. పాటకి రాని పదకొండో నంబరు తరపున చీటీ నడిపే ఆయనే పాడుతున్నాడు. మూడొందల యాభై, నాలుగొందలు, ఐదొందలు. ఆ పదకొండో నంబరు వంశాన్ని ఏడు తరాల దాకా తిట్టుకుంటూ ఏడొందలకి పాడి గెలిచాను.

"నాలుగో నంబరు మీరేనేటి?" అంది నూకరత్నం. "ఆ నాలుగో నంబరోడి సెయ్యి పడిపోవాలని నూకాలమ్మకి మొక్కుకున్నాను!"

"నీకెందుకు డబ్బు?"

"మిషను రిపేరుకి నాలుగొందలవుతాదని మీరే కదేటి సెప్పినారు! ఆ రిపేరోడి మొహాన కొట్టి నా మిషను తెచ్చుకుందావని."

కాసిం సాహెబు పెన్సిలు తీసి బల్ల మీదే లెక్క వేశాడు. "మూడొందల దగ్గర ఆగవలసిన పాట ఏడొందలకి పోయింది. మీరిద్దరే పెంచినారు. తేడా నాలుగొందలు. ఈ మిషను విడిపించడానికి వడ్డీతో కలిపి ఎంత?" రసీదు చూశాడు. "నాలుగొందలు."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు నవ్వింది నూకరత్నమే. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లల్లోంచి నీళ్లు కారేదాకా నవ్వింది. ఆ నీళ్లలో నవ్వు ఎంతో, మిగతాది ఎంతో నేను ఇప్పటికీ అడగలేదు.

నా అప్పు మొత్తం నాలుగువేల ఎనిమిదొందల అరవై. ఆ అంకె వినగానే చిత్రంగా నా దడ తగ్గింది. అప్పటిదాకా నా ఊహలో అది లక్ష.

ఇక ట్రీట్‌మెంట్. పెందుర్తి స్థలం అమ్మేసి ఒక్క దెబ్బకి తీర్చేద్దామన్నాను నేను. అది ఆపరేషన్.

"అమ్మేత్తారు. ఎందుకమ్మరు? జాకెట్లు కుట్టింది మీరు కాదు కదా," అంది నూకరత్నం.

కాసిం సాహెబు తల అడ్డంగా తిప్పాడు. "స్థలం ఉండనీ. మీ ఉద్యోగుల సొసైటీలో ఐదువేలు లోను తీసుకో సాబ్. వడ్డీ తక్కువ, నాలుగేళ్లు, జీతంలోనే కోసేస్తారు, నీ చేతికి రాదు. అది రాకపోవడమే మందు. డబ్బు రాగానే మొదట మిషను. సంపాదించేదాన్ని ముందు విడిపించాల. నిన్ను భయపెట్టేవాడికి తరవాత ఇవ్వచ్చు. అమ్మ చీటీ పాడొద్దు, ఆఖరి నెల దాకా ఆగితే కోత లేకుండా వస్తాది."

సొసైటీ లోనుకి ఇద్దరు జామీను కావాలి. ఒకడు అప్పలనాయుడు. రెండోవాడి కోసం సెక్షనంతా తిరిగాను. నా బిర్యానీ తిన్న డెబ్బై మందికీ ఆ రోజు చెయ్యి నొప్పి. పద్నాలుగో తారీఖు వచ్చేసింది. దడ మళ్లీ మొదలైంది. దీన్నే ఆసుపత్రిలో రిలాప్స్ అంటారు.

కాసిం సాహెబు సన్యాసిరావుకి కబురు పెట్టి, టీ తెప్పించాడు.

"ఆరొందలిచ్చినావ్. పదిహేను నెలల్లో తొమ్మిదొందలు వడ్డీ తిన్నావ్. వడ్డీ నేటితో ఆపు, అసలు ముట్టుతాది. ఈయనకి జామీను సంతకం పెట్టు."

"నా బాకీ తీర్చడానికి నానే జామీనా సాయిబు గారూ? ఏటీ అన్యాయం!"

"మరి ఈయనకి ఏటన్నా అయితే నీ ఆరొందలు ఎవుడిత్తాడు?"

సన్యాసిరావు చూపు బల్ల మీది ఈసీజీ కాగితం మీద పడింది. ఎత్తి చూశాడు. "ఈ గీతలన్నీ ఏటి బాబూ?"

"నా గుండె," అన్నాను.

"ఇన్నిసార్లు కొట్టుకుందా!" అని కాగితం కింద పెట్టి, సంతకం పెట్టేశాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "పార్టీలో బిర్యానీ నాకెవుడూ ఎట్టలేదు బాబూ. గిన్నెలు తోమించినారు," అన్నాడు.

లోను పంతొమ్మిదిన వచ్చింది. ఇరవైన పొద్దున్నే, తాకట్టు కొట్టు తలుపు తీయకముందే మేమిద్దరం మెట్ల మీద కూర్చున్నాం. రిక్షాలో మిషనుకి ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను. ఇంటికి తెచ్చి నూనె వేసి, ఒక పాత గుడ్డ మీద కుట్టు వేసి చూసింది.

"రిపేరు బాగానే సేసినాడు," అంది.

కాసిం సాహెబు నా అప్పు కాగితాలన్నీ ఎర్ర కాలికో అట్టతో ఒకే పుస్తకంగా కుట్టి ఇచ్చాడు, ఒక్కటి కూడా విడిగా దాచుకోవడానికి వీల్లేకుండా. ఒక్కో బాకీ తీరినప్పుడు నూకరత్నం ఆ పేజీ మూల కత్తెరతో కోసేది. పదకొండో నంబరు చీటీ ఆఖరి నెలలో పూర్తిగా రెండువేలూ వచ్చింది. నాలుగేళ్ల లోను మూడేళ్లలోపే తీరిపోయింది.

మధ్యలో నాకు నిజంగానే ప్రమోషన్ వచ్చింది, ఈసారి ఆర్డరుతో సహా. "సీనియరుకి మళ్లీ సీనియరా! బిర్యానీ ఏదీ?" అన్నారు సెక్షనంతా. దడ ఒక్కసారి తలుపు తట్టింది. నూకరత్నం బుట్టెడు ఉల్లిపాయ పకోడీ వేసి పంపింది. మొదటి పొట్లం సన్యాసిరావుకి నేనే అందించాను.

ఇప్పుడు మెయిన్ గేటులోంచే వస్తున్నాను, ఇంటికి పావుగంటే పడుతోంది. ఈ మధ్య చూపించుకుంటే బీపీ వన్ థర్టీ బై ఎయిటీ. "అప్పులున్నాయా?" అని డాక్టరమ్మ మళ్లీ అడిగి, మళ్లీ చూసింది. పాదరసం కదల్లేదు. జీతం కవరు తెచ్చి మిషను బల్ల మీద పెడతాను. ఆవిడ కుట్టు ఆపకుండా లెక్కపెడుతుంది.

చదివేవారిలో ఎవరికైనా ఒకటో తారీఖున ఇలాంటి దడ వస్తుంటే ఈసీజీ తప్పక తీయించుకోండి. అది నార్మల్ అని తేలితే ఆ సాయంత్రమే, జేబుల్లోవీ టిఫిను డబ్బాలోవీ కాగితాలన్నీ తీసి, ఇంట్లోవాళ్ల ముందు ఒక్క బల్ల మీద పెట్టి, మొత్తం ఒక్కసారి పైకి చదవండి. వాళ్ల సంచిలోనూ ఏముందో అడగండి. ఎవరు నాలుగో నంబరో, ఎవరు పదకొండో నంబరో అప్పటిదాకా తెలియదు.

నా జబ్బు పూర్తిగా నయమైందని చెప్పుకోవచ్చు. ఒక్క చిక్కు మిగిలింది. ఎప్పుడైనా కుట్టు మధ్యలో దారం తెగితే నూకరత్నం మిషను ఆపి, నా వైపు తిరిగి, ఎంతో అమాయకంగా అడుగుతుంది.

"ఏటండీ, రిపేరుకి ఇచ్చీమంటారా?"

అప్పుడు మాత్రం ఓడ ఇంజను ఒక్కసారి తిరిగి, ఆగుతుంది.