శనివారం రాసిన శుక్రవారాలు

నోటీసు వచ్చిన రోజు నేను దుకాణంలో లేను. మర్నాడు పొద్దున మలక్‌పేటలో బస్సెక్కి, దిగి, బేగంబజార్ సందుల్లో హమాలీల బండ్లు తప్పించుకుంటూ వెళ్లేసరికి ముసలి గుమాస్తా గల్లా పక్కన నిలబడి ఉన్నారు. ఆయన ఎప్పుడూ పరుపు మీద దిండుకు ఆనుకుని కూర్చునే మనిషి. నిలబడి ఉండడం చూడగానే చెప్పులు గుమ్మంలోనే వదిలి గబగబా లోపలికి వెళ్లాను.

"ఆవో తమ్మీ. నీ డబ్బా ఏం లొల్లి జేసిందో చూడు" అన్నారు, గడ్డంతో కంప్యూటర్ వైపు చూపిస్తూ.

అది స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం. యజమాని పోయాక ఆయన భార్యే గల్లా మీద కూర్చుని నడిపేవారు; మేమంతా ఆమెను అమ్మ అనేవాళ్లం. పాత అమ్మకపు పన్ను పోయి వ్యాట్ వచ్చిన కొత్తలో, చేత్తో రాసే లెక్కలు పనికిరావని ఎవరో చెబితే ఒక కంప్యూటర్ కొన్నారు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్న నేను, లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టి, వారానికి రెండు పూటలు వచ్చి, గుమాస్తా చీటీల మీద రాసి ఉంచినవి ఎక్కించేవాణ్ని.

అమ్మ పన్నుల ఆఫీసు నోటీసు నా చేతికిచ్చారు. ఫలానా నెల పన్ను కట్టలేదు. మీ రిజిస్ట్రేషన్ ఎందుకు రద్దు చేయకూడదో సోమవారం లెక్కలతో సహా వచ్చి చెప్పండి. అంతే ఉంది.

"దుకాణం ఉంటదా, పోతదా? గదొక్కటి చెప్పు బిడ్డా" అన్నారు.

రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే ఫ్యాక్టరీ వాళ్లు సరుకు పంపరు. బిల్లు కొట్టలేం. బిల్లు లేని సరుకు జిల్లాల నుంచి వచ్చే వ్యాపారులు కొనరు. ఇవన్నీ నా మనసులో ఒకటి, రెండు, మూడు అని వరుసగా వచ్చాయి కాని, పైకి మాత్రం "చూస్తానమ్మా" అన్నాను.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే: చివరి నుంచి మొదటికి వెళ్లడం. ముందు చలాన్ల ఫైలు తీశాను. ఆ నెల చలానా ఉంది, బ్యాంకు ముద్ర ఉంది, గడువు రోజునే కట్టినట్టు తేదీ కూడా ఉంది. బ్యాంకు పుస్తకంలోనూ అదే తేదీ. ఊపిరి పీల్చుకుని కంప్యూటర్ తెరిచాను. ఆ నెల పన్ను పూర్తిగా బాకీ చూపిస్తోంది. మరుసటి నెలలో మాత్రం రెండింతలు కట్టినట్టుంది.

చెల్లింపు మీద నొక్కితే విషయం బయటపడింది. బ్యాంకులో కట్టింది శుక్రవారం. మా లెక్కల్లో ఉన్నది శనివారం. ఆ సాఫ్ట్‌వేర్ తీరేమిటంటే, గడువు దాటిన తేదీతో ఏదైనా పన్ను చెల్లింపు ఎక్కిస్తే దాన్ని తనంతట తానే తర్వాతి నెలకు జమ కట్టేస్తుంది. ఆ లెక్కనే మేం ముద్రించి రిటర్న్‌తో పాటు ఆఫీసులో ఇచ్చి వచ్చాం.

"భాయ్, మీరు బ్యాంకుకు వెళ్లింది శుక్రవారం కదా? చీటీ మీద శనివారం అని ఎందుకు రాశారు?"

ఆయన నన్ను చిన్నపిల్లవాణ్ని చూసినట్టు చూశారు. "శుక్రవారం పైసలు బయటికి రాయం తమ్మీ. అమ్మ మామగారు, పెద్ద సేఠ్ జమానా కాడికెల్లి గదే కాయిదా. నాకు జుమ్మా నమాజు, ఈళ్లకు లచ్చిందేవి. సర్కారుకే ఏ వారం లేదు."

"మరి కట్టారు కదా!"

"ఇయ్యక తప్పదు గావట్టి ఇస్తం" అన్నారు అమ్మ, గల్లా మీద నుంచే. "రాయకుంటే పోనట్టే. మా ఆయన ఒక్కపాలి నవ్వుకుంట శుక్రవారమే రాసిండు. ఏం గాదులే అన్నడు. గా వారమే, గీ మెట్ల మీదనే పడి పానం ఇడిసిండు."

చదువుకున్నవాణ్ని కాబట్టి నవ్వాలి. నవ్వు రాలేదు.

తేదీ మార్చడం నిమిషం పని. ఆ గడిలోకి వెళ్లి ఒక అంకె కొట్టేసి ఇంకొకటి రాస్తే బాకీ మాయమవుతుంది. నా భయమంతా అక్కడే. శనివారం అని ఉన్న కాగితం ఇప్పటికే వాళ్ల ఫైల్లో ఉంది. గుట్టుగా మార్చి కొత్త కాగితం పట్టుకెళ్తే, ఒకే దుకాణం నుంచి ఒకే నెలకు రెండు లెక్కలు. అప్పుడు మతిమరుపు అనరు, దొంగలెక్క అంటారు. సరైన దారి ఒకటుంది. పాత చెల్లింపును అలాగే కనబడనిచ్చి, దాని కింద రద్దు రాసి, ఆ కింద అసలు తేదీతో, అసలు నెలకు కొత్తగా రాసి, కారణం కూడా రాయడం. అదే అమ్మకు చెప్పాను. కాని అసలు తేదీ శుక్రవారం.

"వద్దు బిడ్డా. శనివారమే ఉండనియ్యి. ఇంకేదన్న చెయ్యి."

"ఇంకేదీ లేదమ్మా."

"అయితే గట్లనే పోదాం. చలానా ఉంది గదా" అన్నారు. నేను చలానా, బ్యాంకు పుస్తకం, ఆ లెక్క ఒక సంచిలో సర్దాను.

సోమవారం ముగ్గురం పన్నుల ఆఫీసుకు వెళ్లాం. ఆఫీసరు చలానా ఒక చేతిలో, మా లెక్క ఒక చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

"బ్యాంకు ముద్ర ఒక రోజు. మీ పుస్తకం ఇంకో రోజు. రెండిట్లో అబద్ధం ఏది?"

చెప్పాల్సిన మాటలు బస్సులో వరుసగా పేర్చుకున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. గుమాస్తా టోపీ సర్దుకుని నేల చూస్తున్నారు.

"మా పుస్తకం సార్" అన్నారు అమ్మ. "శుక్రవారం ఇచ్చినం. రాసుకోలే. రాసుకోవాల్నంటే భయం."

ఆఫీసరు నవ్వుతారేమో అనుకున్నాను. ఆయన నవ్వలేదు. "అంటే, ఇట్లాంటి శుక్రవారాలు ఇంకా ఉన్నాయన్నమాట" అన్నారు నెమ్మదిగా. "పన్నుకే కాదు, అన్నిటికీ. ఈ ఏడాదివి మొత్తం సరిచేసి రేపు తెండి. బ్యాంకు పుస్తకంతో ఒక్కటి కలవకపోయినా రద్దు నేను ఆపలేను."

ఒక్క నెల భయం అలా ఏడాది భయమైంది.

దుకాణానికి వచ్చి షట్టరు సగం దించాం. గుమాస్తా బ్యాంకు పుస్తకం చదువుతుంటే నేను ఎక్కించాను. ఫ్యాక్టరీకి పంపినవి, కరెంటు బిల్లు, లారీ కిరాయి, అన్నీ. అమ్మ నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ప్రతి శుక్రవారానికీ ముందు నేను ఆగేవాణ్ని. ఆమె తల ఊపేవారు. అప్పుడు రాసేవాణ్ని. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కూతపెట్టడం మొదలైంది. ఫైలు పాడైతే రేపటికి చేతిలో ఏమీ ఉండదు. చీకట్లో తెర వెలుగులో ఆమె ముఖం చూశాను. అందులో ఉన్నది ఫైలు గురించిన భయం కాదు.

"ఎందుకు కూస్తుందది?" అన్నారు.

"బ్యాటరీ అయిపోతోందమ్మా. అంతకన్నా ఏం లేదు." భద్రపరచమని నొక్కాను. ఎంతవరకు అయిందో చూపే గీత తెర మీద పాకుతూ చివరకు చేరేదాకా గుమాస్తా పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆయన దువా చేస్తున్నారు. నేనూ మనసులో ఎవరినో పిలిచాను.

మర్నాడు ఆఫీసరు ఒక్కొక్క పేజీ, ఒక్కొక్క వరుస పెన్సిలుతో టిక్కు పెడుతూ వచ్చారు. ఒకచోట పెన్సిలు ఆగింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయన వేలు బ్యాంకు పుస్తకం మీదకి వెళ్లి, వెనక్కి వచ్చి, టిక్కు పెట్టింది. చివరి పేజీ అయ్యాక నోటీసు మీద అడ్డంగా ఏదో రాసి సంతకం చేశారు.

"రద్దు లేదమ్మా. పొండి. ఇకనుంచి ఏ రోజుది ఆ రోజే రాయండి."

బయటికి వచ్చాక గుమాస్తా "షుకర్ హై" అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని రెండు చేతులతో ముఖం తుడుచుకున్నారు. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. దుకాణం మిగిలింది, కాని ఏడాది పొడుగునా ఉన్న శుక్రవారాలన్నీ ఆమె దగ్గర ఉండగానే, ఆమె తల ఊపగానే, కాగితం మీదకి ఎక్కాయి. వాటన్నిటినీ తానొక్కరే మోస్తున్నట్టు ఆటోలో కూర్చున్నారు.

ఆటో బయల్దేరింది. ఆటో నడిపే కుర్రవాడు గేరు మార్చి బస్సును దాటబోతుంటే ఆమె ముందుకు వంగి అతని భుజం తట్టారు.

"మెల్లగ పోనియ్యి బిడ్డా."

"ఎందుకమ్మా, పక్కకు రోడ్డు ఖాళీనే ఉంది గదా!"

"ఉండనియ్యి. గీ ఒక్క వారం మెల్లగనే పో."

వెనక హారన్లు మోగుతున్నాయి. సైకిళ్లు కూడా మమ్మల్ని దాటి వెళ్లాయి. ఏదీ లెక్కచేయకుండా ఆటో పాకుతున్నట్టు నడిచింది. నాకు ఆ మధ్యాహ్నం మరో దుకాణంలో పని ఉంది. అయినా తొందరగా పోనిమ్మని నేను అనలేదు.